అమెరికా బండికి పసుపు

మొన్న ఆదివారం పొద్దున్న మా అబ్బాయి కాఫీ తాగుతూ, ఫోను నా కళ్ళజోడుకి ఆనేంత దగ్గరగా తెచ్చి, "అమ్మా, లుక్ ఎట్ దిస్ వన్, ఎంత బాగా మెయిన్‌టెయిన్ చేశారో చూడు" అన్నాడు. వాడికి ఆదివారమంటే పాత కార్ల ప్రకటనలు చూసే రోజు. కొనేది లేదు, పెట్టేది లేదు, కొన్నా నిలబెట్టుకోవడానికి గరాజులో చోటు లేదు, అయినా వారానికో బండి మీద మనసు పారేసుకుని మధ్యాహ్నం భోజనాల వేళకి దాన్ని మరిచిపోతుంటాడు. నేను మామూలుగా కళ్ళజోడు సవరించుకోకుండానే బావుంది నాన్నా అనేస్తాను. ఈసారి అలా అనలేకపోయాను.

ఈ దేశానికి ఆ చివరనున్న పెర్తులో, కానింగ్ వేల్ వైపు ఎవరో అమ్మకానికి పెట్టిన అమెరికా బండి అది. ముదురాకుపచ్చ రంగు, రెండే తలుపులు, ముందు బానెట్టు చూస్తే దాని మీద నవారు మంచం వాల్చుకుని ఓ మనిషి హాయిగా కునుకు తీయొచ్చు. మన ఈడు ఆడవాళ్ళకి ఈ రకం బళ్ళ సంగతి అంతగా తెలియదు కనుక చెబుతున్నాను, ఒకప్పుడు అమెరికా వాళ్ళు కొన్ని కార్లకి లారీని లాగేంత ఇంజను బిగించి, లోపల మాత్రం మెత్తటి తోలు సీట్లూ, మీట నొక్కితే దిగే అద్దాలూ, నున్నటి చెక్క పనీ పెట్టి, పహిల్వానుకి పట్టుపంచె కట్టినట్టు తయారుచేసేవాళ్ళు. మా వాడు ఫొటోలు ఒక్కొక్కటే జరుపుతున్నాడు. ఇంజను, చక్రాలు, వెనక దీపాలు, ఆ తరవాత లోపలి సీట్లు. మీగడ రంగు తోలు, నిలువుగా వరసలు తీరిన కుట్టు, అంచుల వెంట సన్నగా ముదురాకుపచ్చ పైపింగు. చేతిలో ఉన్న కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

ఈ సీట్లు నేను కుట్టానురా అన్నాను. వాడు నవ్వి, అలాంటి బళ్ళు దేశంలో ఇంకా ఉంటాయి కదమ్మా అన్నాడు. ఉంటాయి, కాదనను. అదే బండి అని ప్రమాణం చేసి చెప్పమంటే చెప్పలేను కూడా. కానీ ఎప్పుడో సిడ్నీలో సీట్లు కొత్తగా కుట్టించారనీ, ఎడమవైపున్న స్టీరింగు కుడివైపుకి మార్పించారనీ కింద రాసి ఉంది. మీగడ రంగు సీటుకి ఆకుపచ్చ అంచు కావాలని పట్టుబట్టిన మనిషిని నా జన్మలో ఒక్కణ్ణే చూశాను. ఆ ఫొటో చూసినప్పటి నుంచీ నాకు కాలు నిలవడం లేదు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లో ఓ అయిదు నిమిషాలు కరివేపాకు మొక్కని చూసినట్టు నటించి మళ్ళీ హాల్లోకి. మా ఆయన పోయాక, ఇక్కడే సిడ్నీలో టూంగాబీ ఇల్లు అమ్మేసి ఈ కెల్లీవిల్‌లో కొడుకు దగ్గర చేరాను, ఇల్లు పెద్దదే, తిరగడానికి లోటు లేదు.

మేము ఈ దేశం వచ్చిన కొత్తలో సంగతులు మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు. ప్రెషర్ కుక్కరు సూటుకేసులో బట్టల మధ్య కుక్కి తెచ్చుకోవడం, అమ్మ పెట్టిన ఆవకాయ విమానాశ్రయంలో వాళ్ళు చెత్తబుట్టలో వేస్తుంటే గుడ్లప్పగించి చూడటం, కందిపప్పు కోసం రైలెక్కి వెళ్ళడం, అన్నీ మన అందరి కథలే. మా ఆయనకి కంప్యూటర్ల ఉద్యోగం. నేను తెనాలిలో ఓ ప్రైవేటు బళ్ళో లెక్కలు చెప్పినదాన్ని, ఇక్కడా చెబుదామనే ఉత్సాహంతో దిగాను. ఎక్కడికి వెళ్ళినా ఒకటే ప్రశ్న, లోకల్ ఎక్స్‌పీరియెన్స్ ఉందా అని. ఊరికి కొత్తగా వచ్చిన మనిషికి లోకల్ అనుభవం ఎక్కణ్ణుంచి వస్తుంది, పప్పూ బియ్యంతో పాటు దిగుమతి చేసుకోవాలా. అడిగిన వాళ్ళు నవ్వుతూనే అడిగేవాళ్ళు, అది ఇంకా ఒళ్ళు మండించేది.

అలా ఉన్న రోజుల్లో ఓ శనివారం, పప్పులు అమ్మే ఫిజీ వాళ్ళ దుకాణంలో నేను మా ఆయన్ని ఏదో విషయానికి సాధిస్తుంటే, వెనక నుంచి ఓ పెద్దాయన "అన్నం తిన్నావా" అన్నాడు. ఉలిక్కిపడి చూశాను. నల్లగా, పొట్టిగా, చొక్కా జేబులో రెండు కత్తెరలు పెట్టుకుని ఉన్నాడు. ఆయన ముత్తాతల్ని విశాఖపట్నం వైపు నుంచి ఫిజీ చెరుకుతోటలకి ఓడలో తీసుకెళ్ళారట, అక్కడ గొడవలయ్యాక ఈయన కుటుంబంతో సిడ్నీ వచ్చేశాడు. వాళ్ళ ముసలమ్మ నోట విన్న తెలుగులో ఆయన దగ్గర మిగిలినవి గుప్పెడు మాటలు, అందులో పూర్తి వాక్యం అదొక్కటే. తెలుగువాళ్ళు ఎవరు కనబడినా నమస్కారం బదులు అదే అనేవాడు. మిగతా సంభాషణంతా హిందీ, ఇంగ్లీషు కలిపి నడిపాడు. ఆయనకి బళ్ళ సీట్లు కుట్టే షెడ్డు ఉంది, మనిషి కావాలి, నాకు కుట్టుమిషను వచ్చా అని అడిగాడు. మన రోజుల్లో కుట్టుమిషను రాని ఆడపిల్ల ఎక్కడుంది చెప్పండి. జాకెట్లూ, లంగాలూ, దిండు గలీబులూ కుట్టిన చెయ్యి, సోమవారం నుంచి వస్తానని అక్కడికక్కడే చెప్పేశాను. మా ఆయన దుకాణంలో ఏమీ అనలేదు, దారి పొడుగునా అన్నారు.

ఆ షెడ్డు నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. రేకుల కప్పు, ఫోము గుట్టలు, మధ్యలో కత్తిరించే పొడవాటి బల్ల, ఓ మూల నా మిషను. తోలు కుట్టడంలో ఓ భయం ఉంటుంది, గుడ్డలా తప్పయితే విప్పి మళ్ళీ కుడదామంటే కుదరదు, సూది దిగిన చోట చిల్లు చిల్లుగానే ఉండిపోతుంది. ఆ భయం నాకు ఇష్టం. లెక్కలు చెప్పేటప్పుడు కూడా నల్లబల్ల మీద తుడుపు లేకుండా లెక్క చేసినప్పుడే తృప్తిగా ఉండేది. వచ్చిన చిక్కల్లా ఇంటికి ఏమని రాయాలన్నదే. మా అత్తగారు మడి కట్టుకుని గానీ వంటింట్లో అడుగుపెట్టని మనిషి, కోడలు ఆవుతోలు కుడుతోందని తెలిస్తే ఇంకేమన్నా ఉందా. అందుకని మా ఆయన తల్లికి రెక్సిన్ అని రాశారు. మన ఊళ్ళల్లో స్కూటరు సీట్లకీ, రిక్షా సీట్లకీ వేసే రెక్సిన్. ఆ మాట ఎంచక్కా అతికింది.

తరవాత ఏడు మా అత్తగారు సందర్శకుల వీసా మీద వచ్చారు. మామగారు పోయాక ఆవిడకి మార్పుగా ఉంటుందని మా ఆయనే పిలిపించారు. మార్పు మరీ ఎక్కువైపోయింది పాపం. తెనాలిలో తెల్లవారితే పాలవాడితో మొదలుపెట్టి దీపాలవేళ దాకా పదిమందితో మాట్లాడే మనిషి, ఇక్కడ టూంగాబీలో ఇరుకు ఫ్లాటులో, కిటికీలోంచి చూస్తే ఎవరూ నడవని వీధి. మేమిద్దరం పనికి పోతాం, పిల్లాడు పిల్లల బడికి పోతాడు, ఆవిడ కాలు కాలిన పిల్లిలా గదిలోంచి గదిలోకి తిరిగేవారు. తోమిన గిన్నెలే మళ్ళీ తోమేవారు. మడతపెట్టిన దుప్పట్లు విప్పి మళ్ళీ మడతపెట్టేవారు. సాయంత్రం నేను తలుపు తీసేసరికి అక్కడే నిలబడి ఉండేవారు, ఎంతసేపట్నుంచి నిలబడ్డారో అడగాలంటే భయం వేసేది.

ఆ తిరుగుడంతా చివరికి నా ఉద్యోగం మీదికి వచ్చింది. ఇంటి కోడలు కుట్టుపనికి పోవడమేమిటి, అందులోనూ రిక్షా సీట్లు కుట్టడమేమిటి, పంతులమ్మ ఉద్యోగమైతే అర్థముంది గానీ, అబ్బాయి సంపాదన చాలదా, ఇంట్లో మనిషి ఉండొద్దా. రోజూ ఇదే. మా ఆయన తల్లికి ఎదురుచెప్పిన పాపాన పోలేదు. ఓ రోజు అన్నం తింటూ, దసరా వెళ్ళాక మానేస్తుందిలే అమ్మా అని మాట ఇచ్చేశారు. నన్నడగలేదు. ఆవిడ ముందు గొడవపడటం ఇష్టం లేక మజ్జిగన్నం ముగించి కంచం తీసుకుని లేచాను. ఈ దేశంలో నాది అని చెప్పుకోవడానికి నాకున్నదల్లా ఆ మిషను ముందరి స్టూలు ఒక్కటే, అదీ పోతోందంటే ఏడుపొచ్చింది. కూరలు తరుగుతూ ఏడిచాను, ఉల్లిపాయలనుకున్నారు.

సరిగ్గా అప్పుడే ఆ ఆకుపచ్చ బండి వచ్చింది. కంచెలు వేసే కాంట్రాక్టరు ఒకాయన అమెరికా నుంచి ఓడ మీద తెప్పించుకున్నాడు. మోకాళ్ళ పైకి నిక్కరు, ఎండకి ఎర్రబడిన మెడ, మాట్లాడితే మాట కొసలు మింగేసే మనిషి. పాత సీట్లు ఎండకి పగిలిపోయి ఉన్నాయి. కొత్త తోలు తనే ఎక్కడి నుంచో రంగు చూసి తెప్పించాడు, సరిగ్గా సరిపోయేంత, పేలిక మిగలకుండా. శనివారం కూతురి పెళ్ళి, పెళ్ళికూతుర్ని ఆ బండిలో చర్చికి తీసుకెళ్ళాలి, శుక్రవారం సాయంత్రానికి బండి చేతికి రావాలి. ఇదే నా ఆఖరి పని అనుకుని కుట్టాను ఆ సీట్లు. కోపంగా మొదలుపెట్టి, ఎక్కడో మధ్యలో కోపం మరిచిపోయాను. పైపింగు మలుపు తిరిగే చోట మా యజమాని వేలితో తడిమి చూసి, టీ తెచ్చి పక్కన పెట్టాడు.

ఆయుధపూజ ఆ వారమే పడింది. ఇంట్లో పూజ చెయ్యడానికి ఆయుధాలేవని మా అత్తగారు వెతికితే, కత్తిపీట కూడా లేని ఇల్లు మాది, ఓ స్క్రూడ్రైవరు దొరికింది. ఆవిడ దాని వంక చూసిన చూపు నేను షెడ్డులో నవ్వుతూ చెబితే, మా యజమాని నవ్వలేదు. వాళ్ళ ముసలమ్మ కూడా చెరుకు నరికే కత్తులకి ఏటా పసుపు రాసేదట. అమ్మని తీసుకురా, మన షెడ్డుకి చేయిద్దాం అన్నాడు. ఇంట్లో చెప్పేసరికి మా అత్తగారి మొహంలో వెలుగు చూడాలి. వచ్చినప్పట్నుంచీ ఆవిణ్ణి రమ్మని పిలిచిన మొదటి మనిషి ఆయనే.

గురువారం మధ్యాహ్నం పట్టుచీర కట్టుకుని, ఇత్తడి పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, నాతో రైల్లో వచ్చారు. బంతిపూలు దొరక్క, వీధి చివర కంచె మీదికి వాలిన ఎర్ర బాటిల్‌బ్రష్ పూలు తెంపాం. కత్తెరలకి, సుత్తులకి, పట్టకార్లకి, నా మిషనుకి, అన్నిటికీ పసుపు రాసి కుంకుమ పెట్టారు. సిమెంటు నేల మీద కొబ్బరికాయ కొట్టారు. మా యజమాని చేతులు కట్టుకుని చిన్నపిల్లాడిలా నిలబడి చూశాడు, కళ్ళు తుడుచుకున్నాడు కూడా. ఆ తరవాత నేను వెనక గదిలోకి టీ పెట్టడానికి వెళ్ళాను, ఆయన ఫోను మోగితే బయటికి వెళ్ళాడు. షెడ్డులో ఆవిడ ఒక్కరే ఉన్నారు, బల్ల మీద కుట్టడం పూర్తయి రేపు బిగించడానికి సిద్ధంగా ఉన్న వెనక సీటు ఉంది.

మన వాళ్ళకి ఓ అలవాటు ఉంది కదా, పూజలో ముఖ్యమైనదేదో దానికి ఎక్కువ పసుపు. ఇన్ని పనిముట్లూ ఏ వస్తువు కోసం కష్టపడ్డాయో ఆ వస్తువుకే బొట్టు లేకపోతే ఎలా అని ఆవిడకి తోచింది. నేను టీ కప్పులతో వచ్చేసరికి, మీగడ రంగు సీటుకి ఈ చివరా ఆ చివరా, గడపకి పూసినట్టు అరచెయ్యి మేర పచ్చటి పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. ఆవిడ దణ్ణం పెట్టుకుంటున్నారు.

మా యజమాని లోపలికి వచ్చి చూసి ఫోము గుట్ట మీద కూలబడిపోయాడు. నేను సబ్బునీళ్ళు తెచ్చి తుడిచాను. కుంకుమ పోయింది. పసుపు పోలేదు సరికదా, తుడిచినకొద్దీ ఇంకాస్త పాకింది. వేరే తోలు లేదు. పెళ్ళి ఎల్లుండి. ఒకరి నోట ఒకరు విని తెచ్చే పనులే ఆ షెడ్డుకి ఆధారం, ఈ మాట నలుగురి నోటా పడితే ఎవరు వస్తారు. నేనెలాగూ మానేయబోతున్నాను, కానీ మానేసి వెళ్ళడం వేరు, ఇలా ముంచి వెళ్ళడం వేరు. ఇల్లు చేరాక మా ఆయన పోనీలే, ఎలాగూ మానేసేదే కదా అంటారని ముందే తెలుసు, అది తలుచుకుని ఇంకా గట్టిగా రుద్దాను.

మా అత్తగారికి ఇంగ్లీషు రాదు, హిందీ రాదు, మా మొహాలు చదివారు. దగ్గరికి వచ్చి నా చేతిలో గుడ్డ తీసుకుని తనే రుద్దారు. రుద్దుతూ రుద్దుతూ ఆగిపోయారు. తడిసిన తోలుకి ఓ వాసన ఉంటుంది, ఏ రంగు వేసినా ఏ పాలిషు పట్టినా తడిస్తే బయటపడుతుంది. ఎడ్లబండ్లూ, వాటి తోలు పట్టెడలూ ఉన్న ఇంట్లో పుట్టిన మనిషి, వానాకాలం ఆ వాసన ఎరగనిది కాదు. వంగి మరోసారి చూసి, మెల్లగా నిటారుగా లేచి, "ఇది రెక్సిన్ కాదు" అన్నారు. అడగలేదు, చెప్పారు. కాదండీ అన్నాను. ఆవుదా అన్నట్టు పెదవులు కదిలాయి. నేను తలూపాను.

ఆవిడ రెండు చేతులూ ఒంటికి తగలకుండా ముందుకు చాపి పట్టుకుని అలా నిలబడిపోయారు. ఇప్పుడు ఈ చేతులు కడుక్కుని, ఇంటికి వెళ్ళి, ఆ వంటింట్లో, ఆ దీపం ముందు నేను చేసినవన్నీ ఏకరువు పెట్టి, మర్నాటికి విమానం టిక్కెట్టు కొనమంటారనుకున్నాను. ఆవిడ మా యజమాని వంక చూశారు. ఆయన తల పట్టుకుని ఉన్నాడు. నా వంక చూశారు. తరవాత ఆ చేతులతోనే గుడ్డ మళ్ళీ అందుకుని, "పసుపు మరకకి ఎండే మందు. ఇక్కడ ఎండ ఎటు పడుతుంది?" అన్నారు.

నాకూ తెలిసినదే. మీ అందరికీ తెలిసినదే. తెల్ల దుప్పటి మీద పసుపు పడితే ఉతికి తీగ మీద వేస్తాం, సాయంత్రానికి కనబడదు. అంత చిన్న విషయం ఆ గాభరాలో నా బుర్రకి తట్టలేదు. అప్పటికే పొద్దు వాలిపోయింది, ఇక మర్నాడే దిక్కు.

శుక్రవారం పొద్దున్న నేను లేచేసరికి ఆవిడ తలస్నానం చేసి, పాత నేతచీర కట్టుకుని, చెప్పులు వేసుకుని తలుపు దగ్గర సిద్ధంగా ఉన్నారు. మా ఆయన ఎక్కడికమ్మా అంటే, దీనితో వెళ్తున్నాను, నీ టిఫిను బల్ల మీద పెట్టాను అన్నారు. షెడ్డు వెనక ఖాళీ స్థలంలో రెండు ముక్కాలి బల్లల మీద సీటు నిలబెట్టాం. తోలు మరీ ఎండి బిరుసెక్కకుండా మరకల మేర వదిలి మిగతాదంతా ఆవిడ తెచ్చిన తెల్ల పంచె కప్పాం. ఇక చూడండి, ఆ రోజు సిడ్నీ ఆకాశం మాతో ఆటలాడింది. కాస్త కాయడం, మబ్బు కమ్మడం, మళ్ళీ కాయడం. గోడ నీడ సీటు మీదికి పాకినప్పుడల్లా ఆవిడ తలుపు దగ్గరికి వచ్చి చేత్తో సైగ చేసేవారు, నేనూ మా యజమానీ పరుగెత్తి సీటు జరిపేవాళ్ళం. ఇక్కడ దసరా రోజులంటే వసంతకాలం కదా, పక్క చెట్టు మీద మ్యాగ్‌పై పిట్ట గూడు పెట్టుకుని ఉంది, అది మనిషి తల మీదికి రివ్వున దూసుకొచ్చే రకం. ఆవిడ కొంగు తలకి చుట్టుకుని, ఓ చేత్తో చీపురుకట్ట పైకెత్తి పట్టుకుని, దాన్ని తెలుగులో తిడుతూ నిలబడ్డారు. గొడుగు పట్టుకోండి అత్తయ్యగారూ అంటే, నీడ పడుతుందే అని కసిరారు.

ఆవిడ ఆ రోజు కూర్చోలేదు. కుర్చీ వేస్తే వద్దన్నారు. ఇంట్లో తిరిగినట్టే తిరిగారు, సీటు దగ్గర్నుంచి గోడ దాకా, గోడ దగ్గర్నుంచి సీటు దాకా, కాసేపు ఆకాశం వంక, కాసేపు మరక వంక. కానీ ఆ నడకలో ఇంట్లో కనబడే దిగులు లేదు. నేను లోపల మిషను దగ్గర్నుంచి తలుపు సందులోంచి చూస్తూ, ఈవిడ వచ్చి ఇన్నాళ్ళయింది, ఈవిడకి కావలసిందేమిటో మనకి ఎవరికీ తట్టలేదే అనుకున్నాను. మధ్యాహ్నం మా యజమాని బయటికి వెళ్ళి, అన్నం తిన్నావా అన్నాడు. ఆసారి నిజంగానే అడిగాడు. ఈ మరక పోయాక తింటాను నాయనా అన్నారు ఆవిడ. ఆయనకి ఎంతవరకు అర్థమైందో గానీ తనూ తినలేదు.

మూడో జాముకి మబ్బు విడిపోయి ఎండ కాసింది. అలా కాసిన ఎండని నేను మళ్ళీ చూడలేదు. పసుపు పలచబడి, లేత నిమ్మకాయ ఛాయకి వచ్చి, తరవాత ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చి, ఆ తరవాత వెతికినా దొరకలేదు. గబగబా సీటు లోపలికి మోసి బిగించేశాం. కాంట్రాక్టరు చీకటి పడేలోపే వచ్చాడు. తలుపు తీసి, వంగి, సీటు మీద ఆ చివర్నుంచి ఈ చివరి దాకా అరచేత్తో నెమ్మదిగా నిమిరాడు. మా అత్తగారు తలుపు చాటున నిలబడి ఆయన చెయ్యి ఎక్కడెక్కడ ఆగుతుందోనని చూస్తున్నారు. ఎక్కడా ఆగలేదు. ఆయన బ్యూటిఫుల్ అని ఒక్క మాట అని, కళ్ళనీళ్ళు కనబడకుండా అటు తిరిగి బండిలో కూర్చున్నాడు. కూతురి పెళ్ళి మరి, ఏ దేశం తండ్రైనా తండ్రే.

ఇంటికి వచ్చి ఆవిడ మళ్ళీ తలస్నానం చేశారు. దీపం పెట్టారు. చాలాసేపు దాని ముందే కూర్చున్నారు. భోజనాల దగ్గర మా ఆయన, షెడ్డులో ఏం చేశావమ్మా ఇంతసేపూ అని భయం భయంగా అడిగారు. ఆవిడ పెరుగు వడ్డిస్తూ, "మీ ఆవిడ కుట్టే ఆ రెక్సిన్ మహా గట్టిదిరా. పని మానమని ఇంకోసారి అనకు, అక్కడ పనంతా ఈ పిల్ల చేతిమీదే నడుస్తోంది" అన్నారు. మా ఆయన నోరు తెరుచుకుని నా వంక చూశారు. నేను కంచంలోకి చూశాను, అన్నం మెతుకులు కనబడలేదు.

తిరుగు ప్రయాణం దాకా తరచూ నాతోనే షెడ్డుకి వచ్చేవారు. కూలీ లేదు, పనీ కాదు, ఓ మూల కూర్చుని తెగిన దారాలు ఏరేవారు, మా యజమానికి తెలుగు మాటలు నేర్పేవారు. అక్కడ మంచినీళ్ళు మాత్రం ముట్టేవారు కాదు, ఇంటికి రాగానే తలస్నానం తప్పేది కాదు. ఊరు వెళ్ళాక అడిగిన ప్రతివాళ్ళకీ రెక్సిన్ అనే చెప్పారట. ఆ తోలు సంగతి నాతో మళ్ళీ ఎత్తలేదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ కాపాడుకున్న నిష్ఠని ఆ రోజు ఆ షెడ్డులో నా కోసం పక్కన పెట్టడం ఆవిడకి ఎంత కష్టమైందో అడగాలని ఉండేది. అడిగే చనువు వచ్చేనాటికి ఆవిడ లేరు. నేను ఆ షెడ్డు మూతపడేదాకా అక్కడే పనిచేశాను.

మా అబ్బాయికి ఇదంతా చెబితే కళ్ళు పెద్దవి చేసుకుని విని, పెర్తుకి ఫోను చేస్తాను, కావాలంటే వెళ్ళి చూసొద్దాం అమ్మా అన్నాడు. వద్దులేరా అన్నాను. నన్ను మూడు రోజులుగా నిలవనీయకుండా తిప్పుతున్నది ఆ బండి కాదని నాకు అప్పటికే తెలిసిపోయింది. ఇప్పుడు నాది మా అత్తగారు ఆనాడు వచ్చిన వయసు. నేనూ తోమిన గిన్నెలే తోముతున్నాను.

మా కోడలు మంచి పిల్ల. ఏదో ఫైనాన్సు కంపెనీలో పెద్ద ఉద్యోగం, ముందు గదిలో అద్దాల తలుపు వేసుకుని ఇంట్లోంచే చేస్తుంది. కిందటి నెల ఓ సాయంత్రం వంటింట్లోకి వచ్చి, నీళ్ళగ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది, మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏమైందమ్మా అంటే, పాపం విసుక్కోకుండా మొదట్నుంచీ చెప్పింది, మోడల్‌లో ఏదో రాంగ్‌గా వెళ్ళిందట, క్లయింటుకి వెళ్ళిపోయిందట, రేపు పొద్దున్న కాల్‌లో తననే నిలదీస్తారట. ఉద్యోగానికే ముప్పు రావచ్చట. నేను లెక్కలు చెప్పినదాన్నే, శ్రద్ధగా విన్నాను, ఒక్క ముక్క అర్థం కాలేదు. అత్తగారు నా కోసం చేసినట్టు నేను దీని కోసం ఏదైనా చెయ్యాలని తపించిపోయాను. చివరికి చేసిందేమిటి, కాఫీ కలిపి ఇచ్చాను. తను థాంక్స్ అత్తయ్యా అని తీసుకుని వెళ్ళి తలుపు వేసుకుంది. పొద్దున్న చూస్తే ఆ కప్పు నిండుగా అలాగే ఉంది. ఆ గండం ఎలా గడిచిందో కూడా నాకు తరవాత అబ్బాయి చెబితేనే తెలిసింది.

మా రోజుల్లో కోడలి కష్టం బల్ల మీద ఎదురుగా కనబడేది. దాన్ని చేత్తో ముట్టుకోవచ్చు, నలుగురం కలిసి మోసుకెళ్ళి బయట పెట్టొచ్చు. ఇంగ్లీషు ముక్క రాని ముసలావిడ కూడా అందులో ఓ చెయ్యి వెయ్యడానికి చోటుండేది. ఇప్పుడు పనులన్నీ అద్దం లోపలికి వెళ్ళిపోయాయి, అవి మంచి పనులే, నా కొడుకూ కోడలూ సుఖంగానే ఉన్నారు, నన్ను పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నారు. నాకు ఏ లోటూ లేదు, అదే నాకు పట్టుకున్న లోటు.

ఇవాళ పొద్దున్న కూడా ఆ గది ముందు నుంచి అటూ ఇటూ తిరుగుతుంటే, మా కోడలు చెవులకి పెట్టుకున్నవి ఓ పక్కకి జరిపి, అద్దంలోంచే, ఏమైనా కావాలా అత్తయ్యా అని సైగ చేసింది. ఏమీ వద్దని తలూపాను. ఆ ప్రశ్న నేను తనని అడగాలని ఎంతో ఉంది, కానీ తను కావాలంటే ఏం చెయ్యాలో తెలియక, అడగకుండానే అక్కణ్ణుంచి కదిలాను.